ఒక్క రోజు అడవి నడక: మారేడుమిల్లా, గుడిసా, వంజంగా?

కార్తీకం దగ్గర పడగానే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకటే గొడవ. వనభోజనాలు మామూలుగా మన కొబ్బరితోటలోనే పెట్టుకుందామని పెద్దవాళ్లంటారు. "ఎప్పుడూ ఆ తోటేనా, ఈసారి కొండకెళ్దాం" అని పిల్లలంటారు. ఆపైన ఒకరు మారేడుమిల్లి అవతలి గుడిస కొండ ఫొటో పెడతారు, ఇంకొకరు పాడేరు దగ్గరి వంజంగి కొండ మేఘాల వీడియో పెడతారు. అర్ధరాత్రి దాకా చర్చ నడిచి, చివరికి ఎవరి ఫొటో బాగుంటే అక్కడికే బయల్దేరతాం.

మేమూ అలాగే వెళ్లి ఒకసారి దెబ్బతిన్నాం. అమలాపురం నుంచి పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. రావులపాలెంలో టీ, రాజమండ్రిలో టిఫిన్, రంపచోడవరంలో మళ్లీ టీ అయ్యాయి. అడవిలో అడుగుపెట్టేసరికి పన్నెండున్నర. ఎక్కడం బాగానే ఎక్కాం. దిగేటప్పుడు మా బావగారి మోకాలు పట్టేసింది. ఐదున్నరకే చీకటి పడితే, మిగిలిన దారంతా ఫోన్ల లైట్లతో దిగాం. మాతో దారి చూపడానికి వచ్చిన కొండరెడ్డి గిరిజన కుర్రాడు ఒక ఎండు వెదురు కర్ర ఏరి బావగారి చేతిలో పెట్టి, "అయ్యా, పక్కకి తిరిగి దిగండి, నేను ముందుంటాను" అని ఒక్కో అడుగూ వేయించాడు. ఆ కర్ర ఇప్పటికీ మా ఇంట్లో గుమ్మం వెనక ఉంది.

అప్పటి నుంచి చోటు ఎంచేటప్పుడు ఫొటో చూడటం మానేశాను. రెండే చూస్తాను. ఇంటి నుంచి పోయి రావడానికి పట్టే సమయం తీసేస్తే నడవడానికి ఎంత వెలుతురు మిగులుతుంది? మన గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు? ఈ రెండూ తేలితే చోటు దానంతటదే తేలుతుంది.

ముందు గంటల లెక్క

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. చదునుగా ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఎనిమిది కిలోమీటర్ల దారిలో 400 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. గంటా ముప్పైఆరు నిమిషాలు నడకకు, నలభై నిమిషాలు ఎత్తుకు, మొత్తం రెండుంబావు గంటలు.

ఇది కొండలకు అలవాటుపడి ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. మనకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఎత్తు అంటే ఏటిగట్టే. రోజూ కాలవగట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా ఎక్కుడు వచ్చేసరికి నోరెళ్లబెడతారు. పైగా సెల్ఫీలు, నీళ్లు, పిల్లలకు కాలకృత్యాలు. అందుకే ఆ రెండుంబావును నాలుగు గంటలు చేసుకుంటాను, భోజనానికి ఇంకో గంట కలుపుతాను. ఒక మోస్తరు నడక అంటే మనకు ఐదు గంటల పని.

ఇప్పుడు దారి లెక్క. అమలాపురం నుంచి మారేడుమిల్లి సుమారు నూట యాభై కిలోమీటర్లు. రాజమండ్రి దాటాక కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా దారి. ఒక్క టీతో సరిపెట్టుకుంటే నాలుగు గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎనిమిదింటికి అక్కడుంటాం. టిఫిన్ చేసి, మనిషిని మాట్లాడుకుని తొమ్మిదింటికి నడక మొదలుపెడితే రెండింటికల్లా బండి దగ్గరుంటాం. మూడింటికి కదిలితే ఏడున్నరకు ఇల్లు. డిసెంబరులో మన వైపు ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. అడవిలో కొమ్మల కింద అంతకంటే అరగంట ముందే చూపు ఆనదు. ఎంత ఆలస్యమైనా నాలుగింటికల్లా రోడ్డెక్కాలన్నది మా ఇంట్లో ఇప్పుడు రూలు.

భీమవరం, నరసాపురం వైపు వాళ్లు రాజమండ్రి చేరే సమయం తమ ఊరి నుంచి లెక్కేసుకుని మిగతాది ఇలాగే కలుపుకోవచ్చు. లెక్క సరిపోకపోతే ముందురోజు రాత్రే వెళ్లి పడుకోవడం మేలు. రాత్రంతా బండి నడిపి తెల్లారి కొండెక్కడం అన్నిటికంటే చెడ్డ ప్లాను.

మారేడుమిల్లి

నన్నడిగితే మొదటిసారి వెళ్లే మన గోదావరి డెల్టా కుటుంబానికి ఇదే సరైనది. ఒకటే చోట రకరకాల కాళ్లకు సరిపోయే దారులున్నాయి. జలతరంగిణి జలపాతం భద్రాచలం వెళ్లే రోడ్డు పక్కనే. పెద్దగా నడవలేని అత్తయ్యలు, మావయ్యలు కూడా చూసి వచ్చేయొచ్చు. అమృతధార ఆ రోడ్డులోనే ఇంకొంచెం ముందుకు వెళ్లాక ఉంది. అక్కడ రోడ్డు దిగి లోపలికి నడవాలి, రాళ్ల మీద జాగ్రత్తగా అడుగేయాలి. వలమూరు వైపు వాగు ఒడ్డున జంగిల్ స్టార్ క్యాంపు ఉంది. వాలి సుగ్రీవుల యుద్ధం అక్కడే జరిగిందని స్థానికులు చెప్పుకుంటారు. రామాయణానికి మన నేల మీద ఇలాంటి చోట్లు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి దాని మీద నేను వాదన పెట్టుకోను. ఆ వాగు పక్క చెట్ల నీడలో నడక మాత్రం నిజంగా బాగుంటుంది.

రెండో కారణం మనుషులు. ఇక్కడ వన సంరక్షణ సమితుల ద్వారా ఊరివాళ్లే పర్యాటకం నడుపుతున్నారు కాబట్టి దారి తెలిసిన మనిషి దొరకడం కష్టం కాదు. గైడు ఎందుకు, మ్యాపుంది కదా అని మా మేనల్లుడు వాదించాడు. రంపచోడవరం దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, వాగుల దగ్గర అసలుండదు. పశువులు నడిచిన దారి, మనుషులు నడిచిన దారి మనకు ఒకేలా కనిపిస్తాయి. అయినా నాకు గైడు కావాల్సింది దారి కోసం మాత్రమే కాదు. ఆ కొండరెడ్డి కుర్రాడు జీలుగు చెట్టు చూపించి కల్లు ఎలా గీస్తారో చెప్పాడు. మనం విస్తరిగా వాడే అడ్డాకు తీగ ఎలా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది. ఇన్నేళ్లు ఆ ఆకులో తిన్నాను, తీగను ఎప్పుడూ చూడలేదు.

అడవి అంతా మన ఇష్టం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ పక్కనే పాపికొండ జాతీయ ఉద్యానవనం ఉంది. 1978లో అభయారణ్యంగా మొదలై, 2008లో జాతీయ ఉద్యానవనమైంది. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం. పులి, చిరుత, అడవిదున్న ఉన్న చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. పర్యాటకులకు తెరిచిన దారులు ఏవో మారేడుమిల్లిలోనే అడిగి, వాటిలోంచి ఎంచుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. కార్తీక ఆదివారాలు, సంక్రాంతి సెలవుల్లో మారేడుమిల్లి అడవిలా ఉండదు, తీర్థంలా ఉంటుంది. బొంగు చికెన్ పొగ, స్పీకర్లు, రోడ్డు పొడవునా బళ్లు. అలాంటి రోజున వెళ్లి అడవి చూశానంటే నేను ఒప్పుకోను. మంగళవారమో బుధవారమో ఒక రోజు సెలవు పెట్టగలిగితే ఆ ఒక్క రోజూ ఎంతో విలువ చేస్తుంది. బొంగు చికెన్ తినాలంటే నడిచి వచ్చాకే. పొద్దున్నే తిని ఎక్కిన వాళ్ల సంగతి వెనక నడిచే వాళ్లనడగండి.

గుడిస, వంజంగి

ఫొటోల పోటీ ఈ రెండింటి మధ్యే.

గుడిస గడ్డి కొండ. పచ్చటి మెత్తటి గుట్టలు అలలు అలలుగా కనిపిస్తాయి. ఫొటో అబద్ధం చెప్పదు, అంత అందంగానూ ఉంటుంది. కానీ అది అడవి నడక కాదు, జీపు ప్రయాణం. మారేడుమిల్లి నుంచి ఇంకో నలభై కిలోమీటర్ల దాకా లోపలికి వెళ్లాలి. చివరి దారి మన కార్లకు పనికిరాదు. పైన చెట్టు నీడ ఉండదు కాబట్టి పది దాటాక ఎండ నెత్తి మీదే. అందరూ సూర్యోదయం కోసం వెళ్తారు. ఆ సమయానికి కోనసీమ నుంచి చేరాలంటే అర్ధరాత్రికి ముందే బయల్దేరాలి, అంటే డ్రైవరుకు నిద్ర లేనట్టే. మారేడుమిల్లిలో రాత్రి ఉండి, తెల్లవారుజామున అక్కడి జీపు మాట్లాడుకుని వెళ్లేవాళ్లకే గుడిస. వెళ్లే ముందు అనుమతులు, వేళలు అక్కడే కనుక్కోండి. ప్లాస్టిక్ పట్టుకెళ్లకండి. ఎండిన గడ్డి కొండ మీద అగ్గిపుల్ల గీయడం అంత చెడ్డ పని ఇంకోటి లేదు.

వంజంగి పాడేరు దగ్గర. నడక అంటే ఇదీ నడకే. చీకట్లో ఎక్కి, తెల్లవారేసరికి మేఘాల పైన నిలబడతాం. ఎక్కుడు పెద్ద దూరం కాదు కానీ నిలువుగా ఉంటుంది, మంచుకు జారుతుంది. మేఘాలు కావాలంటే నవంబరు నుంచి జనవరి దాకా వెళ్లాలి. అప్పుడు కూడా అవి పడతాయన్న హామీ లేదు. డెల్టా నుంచి ఒక్క రోజులో పోయి రావడానికి ఇది పనికిరాదని నా గట్టి అభిప్రాయం. తుని, నర్సీపట్నం మీదుగా ముందురోజే వెళ్లి, దారిలో లంబసింగి చూసుకుని, పాడేరులో పడుకుంటే అప్పుడు బాగుంటుంది. మనకు చలి అంటే దుప్పటి కప్పుకునేంత. అక్కడ స్వెట్టరు, మంకీక్యాపు లేకుండా వెళ్తే మేఘాలు రాకముందే కిందికి దిగిపోదామంటారు.

రెండింట్లో ఒకటే ఎంచాలంటే ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లకు వంజంగి, నడక మీద పెద్ద మోజు లేని వాళ్లకు గుడిస. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు కలిసిన గుంపుకు రెండూ వద్దు.

ఇంకా దగ్గరలో

రంప జలపాతం రంపచోడవరం ఊరికి నాలుగు కిలోమీటర్లలోనే ఉంది. మారేడుమిల్లి కంటే గంట ప్రయాణం తగ్గుతుంది. నడక తక్కువ, పక్కనే పాత శివాలయం. ఐదేళ్ల పిల్లలున్న ఇంటికి ఇది చాలు. ఈ రంప పేరు మీదే 1879 నాటి తిరుగుబాటు జరిగింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసింది కూడా ఈ మన్యంలోనే. ఆ స్టేషన్ల మధ్య దూరాలు మ్యాపులో చూసి, ఆ కొండల్లో వాళ్లు కాలినడకన ఎలా తిరిగి ఉంటారో పిల్లలతో లెక్క వేయించండి. మన ఎనిమిది కిలోమీటర్ల గొప్ప అక్కడే తేలిపోతుంది.

పాపికొండలు చాలామంది ట్రెక్కింగ్ జాబితాలో చేరుస్తారు. అది పడవ ప్రయాణం. పేరంటాలపల్లిలో ఒడ్డు నుంచి గుడిదాకా ఎక్కడమే నడక. అయితే మన డెల్టా మట్టి అంతా ఆ కొండల సందులోంచే కొట్టుకొచ్చిందని అనుకుంటూ చూస్తే ఆ ప్రయాణానికి ఇంకో అందం వస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో పడవ మునిగి ఎంతమంది పోయారో మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. గోదావరి ఎర్రగా ఉన్నన్నాళ్లు ఆ మాటే ఎత్తకండి. నీరు తేటపడ్డాక కూడా లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు.

కోరుకొండ నరసింహస్వామి గుడికి ఆరు వందలకు పైగా మెట్లు. తుని దగ్గర లోవ తలుపులమ్మ తల్లి దగ్గర కొండ, చెట్లు రెండూ ఉంటాయి కానీ ఆషాఢంలో జనం విపరీతం. ఇవి నడకలు కావు, పరీక్షలు. మారేడుమిల్లికి నెల ముందు ఒక శనివారం కోరుకొండ ఎక్కి దిగండి. మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నవాళ్లు ఎవరో చూస్తే మీ గుంపులో నెమ్మది మనిషి ఎవరో తెలిసిపోతుంది. మా ఇంట్లో అది బావగారు అవుతారనుకున్నాం. తీరా చూస్తే రోజూ జిమ్ముకు వెళ్లే మేనల్లుడు. ఎక్కడం ఆయాసంతో ఆగుతుంది, దిగడం తొడల మీద, మోకాళ్ల మీద పడుతుంది. ట్రెడ్‌మిల్లు మీద దిగుడు ఉండదు కదా.

ఎక్కలేని వాళ్లు ఎక్కువమంది ఉంటే కొండ మాటే మానేసి కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి వెళ్లండి. చెక్కల వంతెన మీద చదునుగా, తెల్లమడ, ఉప్పుపొన్న చెట్ల మధ్య నడక. ఇదీ అడవే. మన ఇంటి అడవి కాబట్టి మనకు ఆననట్టుంది.

ఏ నెలలో

జూన్ నుంచి సెప్టెంబరు దాకా జలపాతాలు నిండుగా ఉంటాయి, దారులు మాత్రం జారుతాయి. అక్టోబరులో అడవి పచ్చగా ఉంటుంది కానీ బంగాళాఖాతంలో ఎప్పుడు వాయుగుండం పడుతుందో చెప్పలేం. నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా నా ఓటు. మార్చి దాటితే ఆకు రాలి నీడ పలచబడుతుంది, వాగులు సన్నబడతాయి.

వాగు గురించి ఇక్కడే చెప్పాలి. కాలవల్లో ఈదిన మనకు నీళ్లంటే భయం లేదు. అదే ప్రమాదం. మన కాలవలో అడుగు బురద, ప్రవాహం ఒకే తీరు. జలపాతం కింద మడుగులో అడుగున రాళ్లు, ఉన్నట్టుండి లోతు, చల్లటి నీళ్లు, లోపలికి లాగే సుడి. పైన ఎక్కడో వాన కురిస్తే ఇక్కడ ఎండ ఉండగానే వాగు పొంగుతుంది. నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా బట్టలు కూడా చూసుకోకుండా ఒడ్డెక్కాలి. స్థానికుడు దిగొద్దన్న చోట మన ఈత గొప్పలు వద్దు.

బండి, చెప్పులు, తిండి

సొంత కారా, అద్దె బండా? మర్నాడు కాళ్లు నొప్పెట్టే వాడే సాయంత్రం ఘాట్ రోడ్డులో బ్రేకు తొక్కకూడదు. అద్దె బండి, నడకకు రాని డ్రైవరు మేలు. మేం నడిచినంతసేపూ అతన్ని బండిలో పడుకోమంటాం. బస్సులో అయితే రాజమండ్రి నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి, చివరి బస్సు సమయం దిగగానే అక్కడే అడిగి రాసుకోవాలి. మలుపుల్లో వాంతులయ్యే వాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి.

కొత్త బూట్లు కొని ఆ రోజే వేసుకోవడం మనవాళ్ల అలవాటు. దానికంటే అడుగున పళ్లున్న పాత క్యాన్వాసు బూట్లు నయం. కొత్తవైతే పదిహేను రోజులు కాలవగట్టు మీద అరగదీయండి. హవాయి చెప్పులతో వచ్చిన మనిషి ఎంత దగ్గర చుట్టమైనా రోడ్డు దగ్గరే ఆగిపోవాలి. నిండుగా ఉండే ప్యాంటు, మేజోళ్లు వేసుకోండి. తేనెపట్టులు ఉన్న చోట సెంటు, పొగ రెండూ పనికిరావు.

తిండికి పులిహోరను మించింది లేదు. మధ్యాహ్నం దాకా పాడవదు, చేత్తో తినేయొచ్చు. దద్దోజనం రుచే కానీ సంచిలో ఎండకు పులుస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిన మా పెద్దక్క చివరికి వాటి పొడి పంచింది. బెల్లం పప్పుండలు తెచ్చి ఉంటే బాగుండేది. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. ఇందులో బేరం లేదు. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు నాలుగు ఉంచుకోండి, ఒక్కోటి పూర్తిగా, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలపాలి. తియ్యగా ఉండే డ్రింకు డబ్బాలు దానికి బదులు కావు. టార్చి, బ్యాండేజీ, ఒక విజిలు. అంతకంటే ఎక్కువ మోసుకుంటే మోయడమే పని అవుతుంది.

పాము కరిస్తే కోయడం, కట్టడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. కాలు కదలనివ్వకుండా మోసుకుని రోడ్డుకు తెచ్చి, సిగ్నల్ దొరకగానే 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఉన్న ఆస్పత్రికి. ఇలాంటప్పుడు నలుగురైదుగురు లేని గుంపు ఏమీ చేయలేదు. ఇద్దరే వెళ్లే ఆలోచన మానుకోమనేది అందుకే. యాభై మంది బస్సు వేసుకుని వెళ్లడమూ నాకు నచ్చదు. ఆరు నుంచి పది మంది సరి.

ఏజెన్సీలో, అంటే ఈ మన్యం కొండల్లో, మలేరియా ఉంది. దోమల క్రీము రాసుకోండి. ఇంటికొచ్చాక వారం, పది రోజులకో, కొన్ని నెలలకో ఎప్పుడైనా సరే, చలి జ్వరం వస్తే వాతావరణం మారిందనుకుని మాత్ర మింగేయకండి. మన్యం వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

ఈ ఏడాది మాది తేలిపోయింది. నవంబరు చివర్లో ఒక బుధవారం, మారేడుమిల్లి, తొమ్మిది మంది. మేనల్లుడు కోరుకొండ రెండుసార్లు ఎక్కి వచ్చాడు. బావగారు మాత్రం వాగు దాకా వచ్చి ఒడ్డున కూర్చుంటానన్నారు. మడత కుర్చీ ఒకటి బండిలో పెట్టమని నిన్ననే ఫోన్ చేసి చెప్పారు, వెదురు కర్ర కూడా.